ఆదివారం 40 నిమిషాలు, మంగళవారం గంటన్నర: పెద్ద నగరానికి మారిన ఒక కుటుంబం కేసు

ఉద్యోగం కోసం ఊరు మారే కుటుంబాలకు కొత్త నగరంలో ఎక్కడ ఇల్లు తీసుకోవాలో తేల్చుకోవడంలో సాయపడటం నా పని. ఎక్కువ కేసులు కంపెనీల హెచ్‌ఆర్ నుంచి వస్తాయి. ఇది మాత్రం కుటుంబమే నేరుగా వచ్చిన కేసు. వాళ్ల అనుమతితో, వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. ఇల్లు వెతికేవాళ్లలో నేను తరచూ చూసే ఒక ధోరణి ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త ఉద్యోగం ఎవరిదైతే వాళ్ల ప్రయాణం చుట్టూనే లెక్కంతా నడుస్తుంది. ఇంట్లో మిగతావాళ్ల రోజు ఎలా గడుస్తుందన్నది అగ్రిమెంట్ మీద సంతకాలయ్యాక గానీ చర్చకు రాదు.

కుటుంబం పరిస్థితి

భర్తకు నగరం నడిబొడ్డున ఉన్న ఆఫీసులో మేనేజర్ ఉద్యోగం వచ్చింది. వారానికి 3 రోజులు ఆఫీసు, 2 రోజులు ఇంటి నుంచి పని. మొదటి 6 నెలలు ప్రొబేషన్. భార్య అకౌంటెంట్. ఉన్న ఉద్యోగం మానేసి వస్తున్నారు, కొత్త చోట వెతుక్కోవాలి. కూతురికి పన్నెండేళ్లు. ఆయన తల్లి కూడా వీళ్లతోనే ఉంటారు. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లాలి. కారు నడపడం ధైర్యంగా వచ్చింది భర్త ఒక్కరికే. భార్యకు లైసెన్స్ ఉంది గానీ పెద్ద రోడ్డు ఎక్కాలంటే టెన్షన్.

నా దగ్గరికి వచ్చేసరికే ఇల్లు దాదాపు ఖాయం చేసుకున్నారు. నగరం అంచు దాటాక వచ్చే చిన్న పట్టణంలో, ముందు ఖాళీ స్థలం ఉన్న నాలుగు గదుల ఇల్లు. నగరంలో రెండు గదులకయ్యే అద్దె కంటే తక్కువకే వస్తోంది. ఓనర్ రెండేళ్ల లాక్-ఇన్ అడుగుతున్నాడు, అంటే రెండేళ్లలోపు ఇల్లు ఖాళీ చేయకూడదన్న షరతు. ఆదివారం పొద్దున ఆ ఇంటి నుంచి ఆఫీసు దాకా కారులో వెళ్లి చూశారట, సరిగ్గా 40 నిమిషాలు పట్టిందట.

"మేం డిసైడ్ అయిపోయాం సార్. అగ్రిమెంట్ ఒక్కసారి చూసిపెట్టండి చాలు" అన్నారాయన.

అగ్రిమెంట్ పక్కన పెట్టి, నలుగురిలో ఒక్కొక్కరి మామూలు మంగళవారం ఎలా ఉంటుందో చెప్పమని అడిగాను. పొద్దున ఎన్నింటికి లేస్తారు, ఎక్కడికి వెళ్తారు, ఎవరు దింపుతారు, ఎవరు తీసుకొస్తారు. ప్రతి కేసులోనూ మొదట అడిగేది ఇదే. ఆయన తన రోజు గడగడా చెప్పేశారు. ఆ తర్వాత భార్య మెల్లగా, "మరి అత్తయ్యను థెరపీకి ఎవరు తీసుకెళ్తారండీ?" అని భర్తను అడిగారు. "నేను ఇంట్లో ఉండే రెండు రోజులూ తీసుకెళ్తాను కదా" అన్నారాయన. ఆ రెండు రోజులు ఏవో కంపెనీ చెబుతుంది. థెరపీ స్లాట్ ఏ రోజుదో క్లినిక్ చెబుతుంది. ఈ రెండూ ప్రతి వారం కలిసిరావాలి, కలిసొచ్చిన రోజున ఆయనకు మీటింగ్ ఉండకూడదు. పాపకు స్కూల్లో ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే వెళ్లాల్సిందీ ఆయనే, అదీ నగరం నడిబొడ్డు నుంచి.

ఇంట్లో ఎవరికి ప్రత్యామ్నాయాలు తక్కువో వాళ్లతో లెక్క మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆఫీసుకు వెళ్లే మనిషికి కారుంది, ఫోనుంది, ఆలస్యమైతే బాస్‌కు చెప్పుకునే వీలుంది. కారు నడపలేని పెద్దావిడకూ, పన్నెండేళ్ల పిల్లకూ, ఉద్యోగం వెతుక్కుంటున్న భార్యకూ ఇల్లు ఉన్న చోటే అన్నీ నిర్ణయిస్తుంది.

ప్రయాణాన్ని ఎలా కొలిచాం

ముందుగా ఆ 40 నిమిషాల సంగతి తేల్చుకోవాలి. పనిదినాన అదే దారిలో మళ్లీ వెళ్లిరమ్మన్నాను. ముందురోజు రాత్రి ఆ పట్టణంలోనే బస చేసి, మంగళవారం పొద్దున తొమ్మిదికల్లా ఆఫీసు చేరేలా బయలుదేరారు. 85 నిమిషాలు పట్టింది. సాయంత్రం ఆరింటికి తిరుగు ప్రయాణం 95 నిమిషాలు. గురువారం పొద్దున మళ్లీ చూస్తే 65. ఈ 65కీ 95కీ మధ్య ఉన్న తేడాయే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ప్రతిరోజూ కచ్చితంగా 70 నిమిషాలు పడితే మనిషి దానికి తగ్గట్టు రోజును అమర్చుకుంటాడు. ఇవాళ ఎంత పడుతుందో తెలియకపోతే రోజూ ఎక్కువ పడుతుందనుకునే బయలుదేరాలి.

రోడ్డు ప్రయాణాలను అంచనా వేసే అమెరికా ఫెడరల్ హైవే శాఖ సగటుతో పాటు 95వ పర్సంటైల్ సమయాన్ని కూడా చూస్తుంది. అంటే 20 ప్రయాణాల్లో 19 ఆ సమయంలోపు పూర్తవుతాయి. నెలలో పనిదినాలు దాదాపు 20 కాబట్టి దీన్ని ఇంట్లో మాటల్లో సులువుగా చెప్పుకోవచ్చు. నెలకు ఒక్కరోజు మాత్రమే ఆలస్యమైనా ఫరవాలేదనుకుంటే ఎంత ముందు బయలుదేరాలి? ఇంటి నుంచి ఆఫీసు దూరాన్ని ఆ అంకెతో కొలవాలి. మ్యాప్ యాప్‌లో బయలుదేరే సమయం పనిదినం పొద్దుటికి మార్చి చూస్తే సాధారణంగా కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపిస్తుంది. అందరి కన్నూ చిన్న అంకె మీదికే పోతుంది. నేను పెద్ద అంకెనే రాసుకుంటాను.

ఆ దారి ఎందుకంత అస్థిరంగా ఉందో కూడా చూశాం. నగరంలోకి వచ్చే ముందు రెండు పెద్ద రోడ్లు కలిసి ఒకే వంతెన ఎక్కుతాయి. వంతెన మీద ఒక్క బండి ఆగిపోయినా వెనక కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోతుంది, తప్పించుకునే పక్కదారి లేదు. ఇలా ఒకే వంతెన, ఒకే సొరంగం, ఒకే లెవెల్ క్రాసింగ్ మీద ఆధారపడిన ప్రాంతాలను మ్యాప్‌లో ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకుంటాను.

కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు వస్తోందని, అప్పుడు ఈ బాధ ఉండదని ఓనర్ చెప్పాడట. రోడ్డు రావచ్చు. అయితే అమెరికా నగరాల లెక్కలు తీసుకుని జిల్ డ్యూరాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త లేన్లు ఎంత శాతం పెరిగితే వాటి మీద తిరిగే వాహనాల కిలోమీటర్లు కూడా దాదాపు అంత శాతమూ పెరిగాయని తేలింది. రోడ్డు ఖాళీ అవగానే మరింతమంది ఆ దారి పడతారు. రాబోయే రోడ్డును నమ్ముకుని ఇప్పుడు రెండేళ్ల లాక్-ఇన్‌కు ఒప్పుకోవద్దని గట్టిగానే చెప్పాను.

డబ్బు లెక్క

అద్దె ఒక్కటే చూస్తే ఆ పట్టణంలో ఇల్లు నిజంగా చవకే, వాళ్ల ఆదాయంలో 22 శాతం. ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటకూడదన్న లెక్క చాలామంది నోట వింటాం. అమెరికా ప్రభుత్వ గృహవసతి పథకాల్లో అద్దెకు పెట్టిన హద్దు అది. మొదట 25 శాతం ఉండేది, 1981లో 30 చేశారు. దాంట్లో ప్రయాణ ఖర్చు కలవదు. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఇల్లు, ప్రయాణం రెండూ కలిపి 45 శాతం దాటకూడదని లెక్క కట్టింది. నేను వాడేది ఈ రెండో పద్ధతి. ఆ 45 అన్నది అన్ని ఆదాయాలకూ, అన్ని దేశాలకూ సరిపోతుందని కాదు, రెండు ఖర్చులూ ఒకే గీత కింద చూడటం ముఖ్యం.

అలా చూసేసరికి చవక ఇల్లు చవకగా లేదు. అక్కడ ఉండాలంటే భార్యకు రెండో కారు కావాలి. దాని వాయిదా, ఇన్సూరెన్స్, ఇంధనం, మరమ్మతు, ఆఫీసు దగ్గర పార్కింగ్ అన్నీ కలిపితే ప్రయాణం ఆదాయంలో 20 శాతం మింగేస్తోంది. మొత్తం 42. నగరం మధ్యలో చూసిన ఫ్లాట్‌కు అద్దె 38, ప్రయాణం 5, మొత్తం 43. రైలు మార్గం మీద ఉన్న ఒక శివారు ప్రాంతంలో అద్దె 30, ప్రయాణం 9, మొత్తం 39. కొత్త చోటు చూసేవాళ్లు తరచూ వదిలేసే ఖర్చు రెండో కారు. అది అగ్రిమెంట్‌లో ఉండదు, ఇల్లు చూపించేటప్పుడు ఎవరూ దాని గురించి మాట్లాడరు.

దూరం పోతే అద్దె తగ్గడం, ప్రయాణ ఖర్చు పెరగడం గురించి ఆర్థికవేత్త విలియం అలోన్సో 1960లలోనే సిద్ధాంతం కట్టాడు. నగర కేంద్రానికి దగ్గరగా ఉండటానికి జనం పోటీపడతారు, అందుకే అక్కడ నేల ఖరీదు. దూరంగా ఉండేవాళ్లు ప్రయాణానికి పెట్టేదాన్ని అద్దెలో మిగుల్చుకుంటారు. ఈ లెక్క ప్రకారం దూరాన ఉన్నవాళ్లూ దగ్గరున్నవాళ్లూ సమానంగా సంతృప్తిగా ఉండాలి. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టట్జర్ జర్మనీ కుటుంబాల సర్వే సమాచారంతో దీన్ని పరీక్షించారు. ఎక్కువసేపు ప్రయాణించేవాళ్లు జీవితం పట్ల తక్కువ సంతృప్తి చెప్పారు. తక్కువ అద్దె, పెద్ద ఇల్లు ఆ లోటును పూర్తిగా పూడ్చలేదు. ఇల్లు చూసే రోజున గదుల వైశాల్యం కళ్లెదుట ఉంటుంది, వంతెన మీద నిలిచిపోయిన కారు కనిపించదు. అందుకే ఈ తప్పు లెక్క అంత సులువుగా పడుతుందని నేననుకుంటాను.

ఈ మాటలేవీ ఆయన్ను మార్చలేదు. అంకెలు విన్నారు, తలూపారు, "అయినా ఆ ఇంటి ముందు స్థలం ఉంది చూశారా సార్" అన్నారు. చిన్నప్పుడు అలాంటి ఇంట్లో పెరిగానని, కూతురికీ అది ఇవ్వాలని ఉందని చెప్పారు. అది కొట్టిపారేయాల్సిన కోరిక కాదు, నేనూ కొట్టిపారేయలేదు. స్థలం కావాలన్నది జాబితాలో ఉంచాం. ఆ స్థలంలో పాపతో గడపడానికి ఆయన ఎన్ని సాయంత్రాలు వెలుతురుండగా ఇల్లు చేరతారో లెక్కేయమని మాత్రం అన్నాను.

నగరం మధ్యలో ఫ్లాట్

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఆఫీసుకు 25 నిమిషాలు, అన్నీ దగ్గరే. ఫ్లాట్ మూడో అంతస్తులో, ఉన్నది ఒకే లిఫ్ట్. అది తరచూ పాడవుతుందని పక్కింటివాళ్లే చెప్పారు. లిఫ్ట్ ఆగిన రోజు పెద్దావిడ ఇంట్లో ఇరుక్కుపోతారు. పైగా ఇంటి నుంచి పని చేసే రోజుల్లో తలుపు వేసుకుని కూర్చోవడానికి గది లేదు. అక్కడితో వదిలేశాం.

శివారు, స్టేషన్, నాలుగు లేన్ల రోడ్డు

మిగిలింది రైలు మార్గం మీదున్న శివారు. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా 50 నిమిషాలు: నడక, ఎదురుచూపు, రైలు, మళ్లీ నడక. రైలు మారక్కర్లేదు. పగలంతా 10 నిమిషాలకొకటి. టైమ్‌టేబుల్ చూడకుండా స్టేషన్‌కు వెళ్లిపోగలిగేది ఇంత తరచుగా ఉన్నప్పుడే. అరగంటకొకటైతే ఒక్క రైలు తప్పినా అరగంట పోయినట్టే. అందుకే దూరం కంటే ముందు రెండు రైళ్ల మధ్య విరామం చూస్తాను, పొద్దుటిదే కాదు, రాత్రిది కూడా. ఇక్కడ రాత్రి 9 దాటితే అరగంటకొకటే. ఆ సంగతి ముందే చెప్పాను.

వారానికి 3 రోజులు, రోజుకు 100 నిమిషాలు అంటే 5 పనిదినాలకు సగటున రోజుకు గంట. ఇటలీ శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాసిన ఒక వ్యాసంలో మనుషులు రోజుకు దాదాపు గంటే ప్రయాణానికి కేటాయిస్తారని, వాహనాల వేగం పెరిగితే సమయం మిగుల్చుకోకుండా ఇంకా దూరం వెళ్తారని వాదించాడు. అది సగటు మాట, ఎవరికీ హద్దు కాదు. అయినా వారం మొత్తం మీద సగటు గంట దాటుతుందంటే నేను కాస్త జాగ్రత్తపడతాను.

ప్రాంతం కుదిరాక ఏ వీధి అన్న ప్రశ్న వచ్చింది. నిజానికి ఈ కేసు తేలింది అక్కడే. స్టేషన్‌కు 800 మీటర్లలోపు, అంటే సుమారు 10 నిమిషాల నడకలో, రెండు ఇళ్లు దొరికాయి. మొదటిది కొత్తది, పెద్దది, అద్దె కూడా కాస్త తక్కువ. భార్యాభర్తలిద్దరికీ అదే నచ్చింది. పెద్దావిడను ఒకసారి తీసుకురమ్మని, ఆ ఇంటి దగ్గర్నుంచి ఫిజియోథెరపీ క్లినిక్ దాకా ఆవిడతో కలిసి నడిచాను.

మధ్యలో నాలుగు లేన్ల రోడ్డు దాటాలి, వెడల్పు దాదాపు 14 మీటర్లు. పాదచారుల సిగ్నల్ ఉంది. ఆకుపచ్చ పడగానే ఆవిడ కర్ర ఊతంతో బయలుదేరారు. రోడ్డు మధ్యకు వచ్చి ఇంకో రెండడుగులు వేశారో లేదో ఎర్ర లైట్ పడింది. అటువైపు ఆగిన కార్లు కదలడానికి సిద్ధమవుతుంటే ఆవిడ అక్కడే నిలబడిపోయి నా మోచేయి గట్టిగా పట్టుకున్నారు. దాటాక, "రోజూ ఇదేనా బాబూ?" అని అడిగారు.

పాదచారుల సిగ్నళ్లను చాలాచోట్ల సెకనుకు 1.2 మీటర్ల నడకను బట్టి అమరుస్తూ వచ్చారు. అమెరికాలో 2009లో దాన్ని 1.07 మీటర్లకు తగ్గించారు, పెద్దవాళ్లు అంత వేగంగా నడవలేరన్న గుర్తింపుతోనే. 1.2 మీటర్ల చొప్పున 14 మీటర్లకు 12 సెకన్లు చాలు. ఈవిడకు 20 సెకన్లు పట్టింది. ఆ 8 సెకన్లకు విరుగుడు ఎంత మంచి ఇల్లు తీసుకున్నా దొరకదు. ఆ రోడ్డుకు అటుపక్క ఇంట్లో ఉంటే ఆవిడ ఒంటరిగా బయటికి వెళ్లడం మానేస్తారు. మానేస్తే థెరపీ తగ్గుతుంది, నడక తగ్గుతుంది, ఇంట్లో ఇంకెవరో తమ పని మానుకుని తోడు వెళ్లాలి.

రెండో ఇల్లు పాతది, ఒక గది చిన్నది, కానీ గ్రౌండ్ ఫ్లోర్. క్లినిక్, మందుల షాపు, స్టేషన్, పాప స్కూలు అన్నీ రోడ్డుకు అదే పక్క. స్కూల్లో సీటు ఉందని రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే ఇంటి మాట ముందుకు తీసుకెళ్లాం. ఈ క్రమం తిరగబడితే, విద్యా సంవత్సరం మధ్యలో మారేవాళ్లకు చాలా కష్టం. పాప ఎవరి తోడూ లేకుండా నడిచి స్కూలుకెళ్లొచ్చని తెలిసినప్పుడు మొదటిసారి ఆ పిల్ల మొహంలో ఉత్సాహం చూశాను.

భార్య ఉద్యోగం గురించి కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. ఆర్థికవేత్తలు డోరా కోస్టా, మాథ్యూ కాన్ 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చదువుకున్న దంపతులు పెద్ద నగరాల్లో ఎక్కువగా చేరడానికి ఇద్దరికీ తగిన ఉద్యోగాలు ఒకేచోట దొరకాల్సి రావడం ముఖ్య కారణం. అలాంటి నగరానికి వచ్చి కూడా ఒక్కరి ఆఫీసు మాత్రమే అందే మూలన ఇల్లు తీసుకుంటే రెండో మనిషికి నగరానికి వచ్చిన లాభం దక్కదు. రైలు మార్గం మీద ఇల్లుంటే ఆవిడ రెండు దిక్కులా వెతుక్కోవచ్చు.

అగ్రిమెంట్, ఆ తర్వాత

వెంటనే ఏడాది అగ్రిమెంట్ చేయొద్దన్నాను. ముందు అదే ప్రాంతంలో, సామానుతో సహా దొరికే చోట 3 నెలలు ఉన్నారు. సొంత సామాను సగం పెట్టెల్లోనే ఉంచారు. ఈలోగా రెండో ఇల్లు చేజారితే ఎలా అని ఆయన కంగారుపడ్డారు. న్యాయమైన భయమే. ఓనర్‌తో మాట్లాడి, కొద్ది మొత్తం కట్టి ఆపుకున్నాం. ఆ 3 నెలల్లో రాత్రి గూడ్స్ రైళ్ల చప్పుడు ఏ వీధి దాకా వినిపిస్తుందో వాళ్లకు వాళ్లే తెలుసుకున్నారు, పడక గది పట్టాలకు ఎదురు దిక్కున ఉండేలా గదులు సర్దుకున్నారు. అగ్రిమెంట్‌లో నేను పట్టుబట్టిన షరతు ఒక్కటే: ప్రొబేషన్‌లో ఉద్యోగం పోతే 2 నెలల నోటీసుతో పెనాల్టీ లేకుండా ఖాళీ చేయొచ్చు. ఓనర్ మొదట ఒప్పుకోలేదు, అద్దె కాస్త పెంచి రాయించుకున్నాడు. ఆ పెంపు ఇవ్వదగ్గదే.

ఎనిమిదో నెలలో కంపెనీ ఆఫీసు రోజులను 3 నుంచి 4కు పెంచింది. ఇంటి నుంచి పని అన్నది ఉద్యోగంలో చేరేనాటి మాట, అది ఎప్పుడైనా మారొచ్చు. అందుకే ఐదు రోజులూ ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చినా భరించగలమా అని ముందే చూసుకోవాలంటాను. వీళ్లకు ఒక రైలు రోజు పెరిగింది, అంతే. భార్యకు నగరానికి ఎదురు దిక్కున, మూడు స్టేషన్ల అవతల ఉద్యోగం దొరికింది. ఆ దిక్కున పొద్దున రైళ్లు ఖాళీగా వెళ్తాయి, కూర్చుని వెళ్తున్నారు. పెద్దావిడ క్లినిక్‌కు ఒక్కరే వెళ్లొస్తున్నారు.

అన్నీ కుదిరాయని చెప్పను. వారంలో ఒక రాత్రి ఆయనకు మీటింగ్ ఆలస్యమవుతుంది, 9 దాటాక రైలు కోసం ప్లాట్‌ఫాం మీద అరగంట నిలబడలేక టాక్సీలో వస్తారు. ఆ ఖర్చును నెల లెక్కలో కలిపేశాం. చిన్న గది పాపకు ఇప్పటికే ఇరుకైంది. ఇంటి ముందు స్థలం లేదన్న బెంగ ఆయనకు ఇంకా ఉంది. అద్దె అగ్రిమెంట్ పొడిగించేటప్పుడు, ఇదే లైన్ మీద ఇంకా ముందున్న స్టేషన్ దగ్గర స్థలమున్న ఇల్లు కొనుక్కుంటే ఎలా ఉంటుందని అడిగారు. భార్య కొత్త ఉద్యోగం పర్మనెంట్ అయ్యేదాకా ఆగమన్నాను. ఈలోగా ఆ స్టేషన్ చుట్టుపక్కల వీధుల్లో వాళ్లమ్మగారితో కలిసి నడిచి చూడమన్నాను. వచ్చే నెల వెళ్తున్నారు.